దానియేలు, ప్రకటన గ్రంథాలను ఏ పద్ధతిలో చదవాలి? సీమ విశ్వాసికి ఒక పోలిక

కడపలో ఉండే విశ్వాసికి ఏడాది తిరిగేలోగా ప్రకటన గ్రంథం మీద కనీసం మూడు రకాల బోధలు చెవిన పడతాయి. సి.ఎస్.ఐ. గుడిలో పాస్టరుగారు ఆ గ్రంథాన్ని శ్రమల్లో ఉన్న సంఘానికి ఓదార్పుగా వివరించి ముగిస్తారు. వేసవి సభల పందిట్లో మరొక దైవసేవకుడు పొడవాటి గుడ్డపటం కట్టించి ఎత్తబడుట (ప్రభువు విశ్వాసులను మేఘాల్లోకి తీసుకుపోవడం), ఏడేళ్ల మహాశ్రమలు, వెయ్యేండ్ల పరిపాలన ఒక్కొక్కటే కర్రతో చూపిస్తారు. అడ్వెంటిస్టు బంధువుల ఇంటికి వెళితే, దానియేలు చెప్పిన 2300 దినాలు 1844లో ముగిశాయని లెక్క వేసి మరీ చెబుతారు. కర్నూలులో, అనంతపురంలో కూడా ఇంతే. ముగ్గురూ తెరిచేది ఒకే బైబిలు, ముగ్గురూ ప్రార్థించే తెరుస్తారు. చదివే పద్ధతి దగ్గరే దారులు చీలుతున్నాయి.

సండే స్కూలు చెప్పేవారు, యువజన కూటం నడిపేవారు, పెళ్లితో ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి వెళ్లినవారు ఏదో ఒక రోజు ఈ పద్ధతుల్లో దేన్ని పట్టుకోవాలో తేల్చుకోక తప్పదు. వారికోసమే ఈ పోలిక. నా మొగ్గు ఎటో దాచుకోను: ప్రవచనం మొదట ఎవరికి పంపారో వారికి ఏమి అర్థమై ఉంటుందో తేలకముందు మన కాలానికి తీసుకురాకూడదు. ఈ నియమం ఒక్కటి పెట్టుకుంటే మిగతా పద్ధతుల్లో ఉన్న మంచిని నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఒకే వచనం, నాలుగు చేతులు

ప్రకటన 13:18 తీసుకుందాం. మృగం సంఖ్య ఆరువందల అరువదియారు. బుద్ధిగలవాడు లెక్కించాలని యోహానే అంటున్నాడు.

మొదటి పద్ధతివారు ఆ లెక్క ఆ కాలపు పాఠకులు వేయగలిగినదే అయి ఉండాలంటారు. అక్షరాలకు అంకెల విలువ ఉన్న రోజులవి. నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. కొన్ని పాత రాతప్రతుల్లో ఈ సంఖ్య 616 అని ఉంది. నీరో పేరు చివర ‘న్’ అక్షరం తీసేసి లాటిన్ ఉచ్చారణలో రాస్తే సరిగ్గా ఆ యాభై తగ్గి 616 అవుతుంది. వేదాంత కళాశాలల్లో దీన్ని ప్రెటరిజం అంటారు. ప్రవచనంలో చాలా భాగం మొదటి శతాబ్దంలోనే, క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని పడగొట్టిన నాటికి గానీ, రోమా చక్రవర్తుల హింసల్లో గానీ నెరవేరిందని దీని సారాంశం.

రెండోది హిస్టారిసిజం. యోహాను కాలం నుంచి రెండవ రాకడ దాకా సంఘ చరిత్ర అంతా ఈ గ్రంథంలో వరుసగా పరిచి ఉందని వీరి నమ్మకం. లూథరు మొదలుకొని సంస్కరణకర్తలు మృగాన్ని పోపు పీఠంలో చూశారు. సంఖ్యను పోపు బిరుదుల లాటిన్ అక్షరాల్లో వెతికినవారూ ఉన్నారు. ఒక దినం ఒక సంవత్సరానికి సమానమని సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 ఆధారంగా లెక్కగడతారు. అలా 1260 దినాలు 538 నుంచి 1798 వరకు, ఫ్రెంచి సైన్యం పోపును బందీగా పట్టుకున్న ఏడాది దాకా వచ్చాయి.

మూడోది ఫ్యూచరిజం. ప్రకటన నాలుగో అధ్యాయం నుంచి దాదాపు అంతా ఇంకా జరగవలసిందే. 666 రాబోయే క్రీస్తు విరోధి ముద్ర. సరుకుల మీద బార్‌కోడ్ వచ్చినప్పుడు అదేనన్నారు, తర్వాత చిప్ అన్నారు, మన దగ్గర ఆధార్ అన్నారు, కరోనా టీకా అన్నారు. ఇవేవీ ఈ పద్ధతి తప్పనిసరిగా చెప్పించేవి కావు. ఫ్యూచరిస్టు పండితుల్లో నిదానస్తులు ఇలాంటి ప్రచారాన్ని గట్టిగానే ఖండించారు. కానీ పద్ధతి తలుపు తెరిచి ఉంచుతుంది, వదంతి లోపలికి వస్తుంది.

నాలుగోది ఐడియలిజం. దర్శనాలు ఏ ఒక్క కాలానికో చెందినవి కావు, అన్ని కాలాలకూ వర్తించే గుర్తులని దీని సారాంశం. ఏడు సంపూర్ణతకు గుర్తు కాబట్టి మూడుసార్లు ఆరు అంటే ఎంత ఎగిరినా ఏడును అందుకోలేని మనుష్యుల అధికారం. నీరో, హిట్లరు, రేపు రాబోయే మరొకడు, అందరూ ఆ మృగమే.

ఏ పద్ధతి ఎక్కడ ఇరుక్కుంటుంది

ప్రతి పద్ధతికీ తనకు ఇష్టమైన వచనాలు కొన్ని ఉంటాయి. వాటిని వినిపించి ఒప్పించడం పెద్ద పని కాదు. ఏ వచనం దగ్గర గొంతు తగ్గుతుందో చూడాలి.

మొదటి శతాబ్దపు పఠనానికి బలం ప్రకటన మొదటి మాటల్లోనే ఉంది: “త్వరలో సంభవింపనైయున్న” సంగతులు, “సమయము సమీపించినది.” దానియేలుతో గ్రంథానికి అంత్యకాలం వరకు ముద్ర వేయమన్న దూత, ప్రకటన 22:10లో యోహానుతో ముద్ర వేయవద్దంటాడు. ఈ రెండు ఆజ్ఞల్నీ పక్కపక్కన పెట్టి చూడండి, ఆలోచన ఆగదు. మత్తయి 24:34లో “ఈ తరము గతింపదు” అన్న ప్రభువు మాట కూడా వీరికి అనుకూలమే. మరి చిక్కు ఎక్కడ? అంతా యెరూషలేము పతనమే అనాలంటే గ్రంథం 70కి ముందే రాసి ఉండాలి. రెండో శతాబ్దపు సంఘ నాయకుడు ఐరేనియస్ మాత్రం యోహాను దర్శనం రోమా చక్రవర్తి డొమీషియన్ పాలన చివరిలో, అంటే 95 ప్రాంతంలో కలిగిందన్నాడు. ఇంకో సంగతి, ఈ పద్ధతిని చివరిదాకా లాగి రెండవ రాకడ, మృతుల పునరుత్థానం కూడా 70లోనే అయిపోయాయనేవారు కొందరున్నారు. సజీవులకును మృతులకును తీర్పు తీర్చ వచ్చునని ఆదివారం విశ్వాస ప్రమాణంలో పలికే సంఘం అంతదూరం వెళ్లలేదు.

హిస్టారిసిజం మీద నా ఫిర్యాదు వేరు. పటం మొత్తం యూరప్ చుట్టూ తిరుగుతుంది. గోతు జాతివారు, పోపులు, ఫ్రెంచి విప్లవం, తురుష్కులు అందరికీ చోటు దొరుకుతుంది. ఇథియోపియా సంఘానికి, కేరళ తోమా క్రైస్తవులకు ఒక్క బూర కూడా ఊదరు. మన సీమ ఊసే లేదు. పైగా తేదీ దగ్గరకు వచ్చేసరికి నిలబడలేదు: అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. ఆ నిరాశ నుంచే, అది పరలోక గుడారంలో జరిగిన సంఘటన అన్న వివరణతో, అడ్వెంటిస్టు సంఘం రూపుదిద్దుకుంది. అయితే వీరి వల్ల ఒక మేలు జరిగింది. దానియేలు గ్రంథాన్ని ఆద్యంతం, లెక్కలతో సహా, ఓపికగా చదివే అలవాటు మన ఊళ్లలో వారికి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు.

ఫ్యూచరిజం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సభల పందిట్లో వినపడేది ఎక్కువగా ఇదే. ఆ గుడ్డపటాన్ని దగ్గరగా చూడండి. ఎడమ చివర ఏదెను తోట, నోవహు ఓడ. మధ్యలో సిలువ. సిలువ తర్వాత సంఘ యుగం, దాని కుడి అంచున మేఘంలోకి వెళ్లే బాణం గుర్తు. ఆ బాణానికి, తెల్లగుర్రం మీద ప్రభువు దిగివచ్చే బొమ్మకు మధ్య ఎర్రరంగు పూసిన ఏడేళ్లు. చక్కగా ఉంటుంది, పిల్లలకు కూడా గుర్తుండిపోతుంది. కానీ ప్రకటన గ్రంథంలో ఏడేళ్ల శ్రమలన్న మాట ఎక్కడా లేదు. ఉన్నవి నలువది రెండు నెలలు, 1260 దినాలు, అంటే మూడున్నరేళ్లు. ఏడేళ్లు వచ్చింది దానియేలు 9:27లోని చివరి వారం నుంచి. ఆ అధ్యాయంలో డెబ్బై వారాలున్నాయి, ఒక్కో వారాన్ని ఏడేళ్లుగా లెక్కిస్తారు. అరువది తొమ్మిదో వారానికీ డెబ్బైయ్యో వారానికీ మధ్య రెండు వేల ఏళ్ల ఖాళీ పెడితేనే ఆ ఎర్రరంగు కుడివైపుకు జరుగుతుంది. ఆ ఖాళీ వచనంలో కనిపించదు, పద్ధతి నుంచి వస్తుంది. దాన్ని పెట్టకూడదని నేననను. పెట్టామన్న సంగతి వినేవారికి చెప్పాలంటాను.

ఈ పటానికి వయసూ ఉంది. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందన్న బోధను వ్యవస్థగా తీర్చినవాడు బ్రదరన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ, 1830ల నుంచి. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు పాదసూచికలు దాన్ని ప్రపంచమంతా పంచాయి. తెలుగునాట బ్రదరన్ మిషనరీలు 1836 నుంచే గోదావరి డెల్టాలో పనిచేశారు. తర్వాత పెంతెకొస్తు సంఘాలూ ఈ పటాన్నే చేపట్టాయి. కడపలో లండన్ మిషన్ పని మొదలైన 1822 నాటికి ఇది ఇంకా పుట్టలేదు. కాబట్టి “మన పెద్దలు మొదటినుంచీ నమ్మింది ఇదే” అన్న వాదన కడపలో చెల్లదు. కొత్తదైనంత మాత్రాన తప్పు కానక్కర్లేదు, అది వేరే సంగతి. ప్రభువు వచ్చి భూమి మీద వెయ్యేండ్లు పాలిస్తాడన్న నమ్మకం మాత్రం పాతదే. జస్టిన్, ఐరేనియస్ లాంటి తొలి తండ్రులు దాన్ని నమ్మారు, శ్రమలకు ముందు రహస్యంగా ఎత్తబడుట లేకుండా.

ఐడియలిజం ఎక్కడా ఇరుక్కోదు. దాని లోపమూ అదే. దేన్నైనా దేనికైనా గుర్తుగా చూపగలిగితే, తప్పు చెప్పినప్పుడు పట్టుకునే మార్గం ఉండదు. అయినా ఉద్యోగం పోయినవారి ఇంట్లో, ఊళ్లో గుడి కట్టుకోనివ్వని చోట, ఈ పఠనం ఇచ్చే ధైర్యం మిగతా మూడూ ఇవ్వలేవు.

వెయ్యేండ్ల సంగతి క్లుప్తంగా. ఆ మాట ఉన్నది ప్రకటన 20లో, రెండు నుంచి ఏడు వచనాల మధ్య ఆరుసార్లు. అవి రాకడ తర్వాత అక్షరాలా జరుగుతాయనేవారు కొందరు. అగస్టీను దారిలో, ఇప్పటి సంఘ కాలానికే అది గుర్తు అనేవారు కొందరు. సువార్త లోకమంతా వ్యాపించి మంచికాలం వచ్చాక ప్రభువు వస్తాడనేవారు ఇంకొందరు. కతోలిక సంఘం భూమి మీది వెయ్యేండ్ల రాజ్యాన్ని తన ధర్మోపదేశంలోనే తోసిపుచ్చింది. ఒక్క అధ్యాయం మీద ఇన్ని సంఘాలు విడిపోవలసిన అవసరం నాకు కనిపించదు.

లవొదికయ నీళ్లు

ప్రకటన రెండు, మూడు అధ్యాయాల్లోని ఏడు సంఘాల లేఖల దగ్గర పద్ధతుల తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పటం చెప్పేవారిలో చాలామందికి ఏడు సంఘాలు ఏడు యుగాలు, లవొదికయ మన యుగం. “నులివెచ్చని” సంఘం అంటే ఇప్పటి చల్లారిన విశ్వాసం.

ఇప్పుడు మొదటి వినేవారి దగ్గరకు వెళదాం. లవొదికయకు దగ్గర్లోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు. కొలొస్సయిలో చల్లని నీళ్లు. లవొదికయకు సొంత నీళ్లు లేవు, కాలువల్లో, రాతి గొట్టాల్లో దూరం నుంచి రావాలి. వచ్చేసరికి ఎటూ కాని నీళ్లు. గొట్టంలో వచ్చే నీళ్ల రుచి గురించి అనంతపురం వారికి నేను చెప్పనక్కర్లేదు. వేడినీళ్లు ఒంటికి మంచివి, చల్లనినీళ్లు దాహానికి మంచివి. రెండూ పనికొచ్చేవే. కాబట్టి ప్రభువు కోరింది ఆవేశం కంటే పనికొచ్చే గుణాన్ని అన్న అర్థం వస్తుంది. “నాకేమియు కొదువలేదు” అన్న మాటకూ వెనక కథ ఉంది: క్రీ.శ. 60లో భూకంపం వచ్చినప్పుడు ఆ ఊరు రోము సాయం లేకుండానే మళ్లీ కట్టుకుంది. సొంత డబ్బుతో పైకి లేచిన ఊరి గర్వం ఆ సంఘంలోకీ పాకింది.

ఈ పఠనం వల్ల మన సంఘానికి తగిలే దెబ్బ ఏమీ తగ్గలేదు. యుగం లెక్క తీసేశాక ఇంకా సూటిగా తగులుతోంది.

వాగ్దానం కార్డు, కడవరి వర్షం

ప్రవచనాన్ని అన్వయించడంలో మనవాళ్లకు ఇష్టమైన పద్ధతి ఈ నాలుగింటిలోనూ లేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి తీసే వాగ్దానం కార్డు అది. యిర్మీయా 29:11 వస్తే సంతోషం: నిరీక్షణ కలుగజేసే సమాధానకరమైన ఉద్దేశాలు. దాని పై వచనం, కింది వచనం కార్డు మీద ఉండవు. అది బబులోనులో చెరపట్టబడినవారికి రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరగొనిపోయిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, డెబ్బై ఏళ్లు పడుతుంది అంటుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు ఎవరూ తిరిగి ఇంటికి వెళ్లరు. ముందటి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నాడు. జనానికి నచ్చింది అతని మాటే. ఈ నేపథ్యం తెలిసి కూడా గల్ఫ్‌లో కొడుకున్న తల్లి ఆ కార్డును బైబిల్లో దాచుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. అయితే ఈ ఏడాదే వీసా సమస్య తీరుతుందని ఆ వచనం ఆమెకు మాట ఇవ్వలేదు.

యోవేలు రెండో అధ్యాయం ఇంకో పరీక్ష. తొలకరి వర్షం, కడవరి వర్షం అంటే పెంతెకొస్తు సభల్లో పరిశుద్ధాత్మ కుమ్మరింపు, కడవరి ఉజ్జీవం. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో, వేరుశనగ విత్తి మబ్బుకేసి చూసే రైతుకు వర్షం అంటే వర్షమే. యోవేలు శ్రోతలకు కూడా అంతే. మిడతలు పొలం తినేశాయి, వాన కురిసింది, కళ్లాలు ధాన్యంతో నిండాయి. అక్కడ తొలకరి మన కార్తీక మాసం చుట్టూ, కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకు ముందు పడుతుంది. ఆ తర్వాతి వచనాలను పేతురు పెంతెకొస్తు దినాన ఆత్మకు అన్వయించిన మాట నిజం. మరి ఎవరిది ఒప్పు? రైతు పఠనాన్ని కొట్టేయకుండా పేతురు పఠనం దాని మీద నిలబడింది. యోవేలును కేవలం ఆత్మ సంబంధమైన మాటగా మార్చేస్తే, ఎండిపోయిన చేను పక్కన నిలబడి ప్రార్థించేవాడికి ఆ అధ్యాయంలో ఏమీ మిగలదు.

అపొస్తలుల పద్ధతి గురించి ఇక్కడే ఒక మాట. అక్షరార్థమే ప్రమాణం అనేవారు మత్తయి 2:15 దగ్గర ఆగాలి. “ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని” అని హోషేయ చెప్పింది ఇశ్రాయేలు జనం గురించి, గడిచిపోయిన నిర్గమం గురించి. మత్తయి దాన్ని యేసుకు అన్వయించాడు. అపొస్తలుల కార్యములు 15లో యాకోబు, పడిపోయిన దావీదు గుడారాన్ని తిరిగి కట్టడం గురించిన ఆమోసు మాటను అన్యజనులు సంఘంలోకి రావడానికి అన్వయించాడు. కాబట్టి ప్రవచనంలోని ఇశ్రాయేలు ప్రతిచోటా 1948లో ఏర్పడిన దేశమే అని అనడం కష్టం. రోమా 11 చదివాక ఇశ్రాయేలు జనానికి ఇక చోటే లేదనడమూ కష్టమే. ఏ వైపు తేల్చుకున్నా, బేత్లెహేములో తరతరాలుగా ఉన్న క్రైస్తవులు పాలస్తీనా అరబ్బులని, వార్తలు చూస్తూ ప్రవచనం చెప్పేటప్పుడు గుర్తుంచుకోవాలి.

సీమకే చెందిన ఒక పరీక్ష

బ్రహ్మంగారి మఠం మన కడప జిల్లాలోనే ఉంది. యాగంటి బసవన్న రంకె వేస్తాడన్న మాట సీమలో వినని మనిషి ఉండడు. ఏ వింత జరిగినా “కాలజ్ఞానంలో ముందే ఉంది” అనడం మనకు గాలిలో ఉన్న అలవాటు. ముందు వార్త వస్తుంది, తర్వాత పద్యం దొరుకుతుంది. క్రైస్తవులమైనంత మాత్రాన ఆ అలవాటు పోలేదు, పుస్తకం మారిందంతే. అందుకే బోధకుడు వచనాన్ని వార్తకు తగిలించినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి: ఈ అర్థాన్ని ఈ సంఘటనకు ముందు ఎవరైనా చెప్పారా? 1948కి ఒక తరం, నలభై ఏళ్లు, కలిపి 1988 అన్నవారి మాట ఏమైంది? 2011 మే 21 అన్న అమెరికా రేడియో బోధకుని మాట? మత్తయి 24:36 అందరి బైబిళ్లలోనూ ఉంది, ఈ లెక్కలు వేసినవారి బైబిళ్లతో సహా.

ఏది ఎవరికి

సండే స్కూలు పిల్లలకు మొదటి శతాబ్దపు కథతోనే మొదలుపెట్టండి: పత్మాసు ద్వీపం, ఏడు ఊళ్లు, ఒక చక్రవర్తి, భయపడుతున్న చిన్న సంఘాలు. పదేళ్ల పిల్లకు ఎత్తబడుటలో అమ్మ మాయమై తాను మిగిలిపోతానన్న భయం పెట్టడం ఏ పద్ధతికీ అవసరం లేదు.

యువజన కూటానికి నాలుగు పద్ధతులూ చెప్పండి, ఒకే అధ్యాయం మీద, ఒక్కో వారం ఒక్కొక్కటి. కళాశాలకు వెళ్లే కుర్రవాడు యూట్యూబులో ఎలాగూ వింటాడు. మీ దగ్గర ముందుగా వింటే మంచిది.

మీ సంఘం ఫ్యూచరిస్టు సంఘమైతే, అందులోనే ఉండండి. పటం కోసం సంఘం మారనక్కర్లేదు. తేదీలు చెప్పని, ప్రతి పరికరాన్నీ ముద్ర అనని, కష్టం వస్తే తప్పించుకుంటామని కాక ఓర్చుకుంటామని నేర్పే ఫ్యూచరిస్టు కాపరి దొరికితే ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంటుంది. ఇంట్లో భర్త ఒక సంఘం, భార్య ఒక సంఘం అయితే ప్రకటన 20తో మొదలుపెట్టకండి. ఒకటి నుంచి మూడు అధ్యాయాలు కలిసి చదవండి, అక్కడ గొడవ తక్కువ.

రోగి మంచం దగ్గర, శవం ఉన్న ఇంట్లో మాట్లాడవలసి వస్తే ప్రకటన 21 చాలు. నాలుగు పద్ధతులవారూ అక్కడికి వచ్చేసరికి ఒకే మాట చెబుతారు: కన్నీటిని తుడిచేవాడు ఉన్నాడు, మరణం ఇక ఉండదు.

చివరిగా, వ్యాఖ్యానంతో కూడిన బైబిలు కొనబోయేవారికి. అట్ట చూసి, పేరు చూసి కొనకండి. దుకాణంలోనే మూడు చోట్ల తెరవండి: దానియేలు 9:27, మత్తయి 24:34, ప్రకటన 20:4. కింద ఉన్న వివరణ చదవండి. దానియేలు దగ్గర ఖాళీ పెట్టి, ‘తరము’ అంటే యూదా జాతి అని గానీ అంత్యకాలపు తరమని గానీ రాసి, వెయ్యేండ్లను అక్షరాలా తీసుకుంటే అది డార్బీ పటం. దానియేలు దగ్గర క్రీ.పూ. 167లో దేవాలయాన్ని అపవిత్రం చేసిన సిరియా రాజు అంతియొకస్ పేరు, మత్తయి దగ్గర క్రీ.శ. 70 ఉంటే ఇంకో దారి. ఇది ఫలానావారి అభిప్రాయం, వేరేవారు ఇలా అంటారు అని రెండు వైపులా చెప్పిన పుస్తకం దొరికితే, కొంచెం ధర ఎక్కువైనా అదే తీసుకోండి.